ఏడో కల్వర్టు దగ్గర దిగడం

ముందుగా క్షమాపణలు. ఈ సంస్మరణ రాయడానికి నాకు ఏ అర్హతా లేదు, అందుకు పాఠక మహాశయులు క్షమించాలి. కాలేజీ పత్రికవాళ్లు రెండు పేజీలు ఇస్తే నాలుగు ఆక్రమించబోతున్నాను, అందుకూ క్షమించాలి. పోయినవారి గురించి రాసేటప్పుడు 'అజాతశత్రువు', 'తీరని లోటు' అనే మాటలు కనీసం చెరొకసారి వాడాలని ఆనవాయితీ. ఆయనకు మా వీధికుక్కలు మూడూ శత్రువులే కాబట్టి మొదటి మాట వాడలేకపోతున్నాను. రెండోదాన్ని పోయిన సంవత్సరం మా క్యాంటీన్ వంటమనిషి ఉద్యోగం మానేసినప్పుడే వాడేశాను. చావు గురించి రాస్తూ నవ్వులాటలాడుతున్నందుకు, నా దస్తూరికి, అచ్చుతప్పులకు, వాటిని దిద్దే మిత్రుడి అజ్ఞానానికి, అన్నింటికీ కలిపి శిరసు వంచి క్షమాపణ కోరుతున్నాను. ఇంకేమైనా మిగిలితే చివర్లో చూసుకుందాం.

మొన్న మంగళవారం పొద్దున మా కీమ్యాన్ పెద్దనాయన చనిపోయాడు. నేను నల్లా దగ్గర పళ్లు తోముకుంటున్నాను. మా అమ్మ చాయ్ గ్లాసు పట్టుకుని వెనక గదిలోకి పోయింది, అదే చాయ్‌తో తిరిగొచ్చింది. "లేస్తలేడు రా" అంది. గ్లాసును నల్లా గట్టు మీద పెట్టింది. ఎనిమిదేళ్లలో ఆ గ్లాసు నిండుగా వెనక్కి రావడం అదే మొదటిసారి.

ఆయన మాకు చుట్టం కాదు. కాజీపేటలో మా ఇంటి వెనక గదిలో కిరాయికి ఉండేవాడు. రైల్వేలో కీమ్యాన్‌గా చేసి రిటైరైనాడు. పట్టాను కింద అడ్డంగా ఉండే స్లీపరుకు కరిపించి ఉంచే ఇనప చీలను కీ అంటారు. రైళ్లు పోయి పోయి అవి వదులవుతాయి. రోజూ లైను వెంట నడుస్తూ ఒక్కోదాన్నీ సుత్తితో తట్టి, వదులైనదాన్ని బిగించేవాడు కీమ్యాన్. నెక్కొండ దాటినాక కేసముద్రం వైపు ఆరు కిలోమీటర్ల ముక్క ఆయనది. భుజాన సుత్తి, చంకలో ఎర్రజెండా, పచ్చజెండా. పోయేటప్పుడు ఒక పట్టా, వచ్చేటప్పుడు రెండో పట్టా. కీ గట్టిగా ఉంటే 'ఠంగ్' అంటుంది, వదులైతే 'డబ్' అంటుంది. వంగి చూడనక్కర్లేదు, వింటే చాలు. ముప్పై ఏళ్లు అదే విన్నాడు.

"అంటే భూమిని ఎన్నిసార్లు చుట్టినట్టు పెద్దనాయనా?" అని మా రవిగాడు ఒకసారి క్యాలిక్యులేటర్ తీశాడు.

"నేను యాడ చుట్టిన్రా? పొద్దుగాల యాడికెల్లి పోయిన్నో మాపటికి ఆడికే వచ్చిన" అన్నాడు. క్యాలిక్యులేటర్ మళ్లీ జేబులోకి పోయింది.

రవిగాడు అంటే నా క్లాస్‌మేటు. వాళ్ల చిన్నమామ బొంబాయి నుంచి చిన్న కంప్యూటర్ ఒకటి పట్టుకొచ్చాడు. చూడ్డానికి లెక్కల మాస్టారి డస్టరు కంటే కాస్త పెద్దది. దాన్ని టీవీకి తగిలించాలి, ప్రోగ్రాములను టేప్‌రికార్డర్ క్యాసెట్‌లో దాచుకోవాలి. కంప్యూటర్ వాడిది, టీవీ మాది. కనుక భారతదేశ కంప్యూటర్ రంగం మా ముందుగదిలో స్థిరపడింది. మా లక్ష్యం చాలా నిరాడంబరమైనది: ఒక ప్రపంచాన్ని సృష్టించడం. ఆడేవాడు అందులో ఎటు కావాలంటే అటు నడవాలి. రాక్షసులూ వద్దు, తుపాకులూ వద్దు, ఊరికే తిరగాలి. కొత్త జాగకు వచ్చినప్పుడల్లా అక్కడ ఏముందో తెర మీద రెండు లైన్లు పడాలి. మిషన్‌కు తెలుగు లిపి రాదు, అందుకని తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లం.

గ్రాఫ్ పేపరు మీద అడ్డం పది, నిలువు పది గళ్లు గీసుకుని, గడికొక జాగ చొప్పున సృష్టి మొదలుపెట్టాం. పెద్దనాయన చాయ్ తాగుతూ వచ్చి చూశాడు.

"ఏందిరా గిది, కోళ్లగూడా?"

"ప్రపంచం" అన్నాను గంభీరంగా.

"మీ ప్రపంచంల అన్ని అర్రలేనా?"

రవిగాడు ఓపిగ్గా చెప్పాడు. "ఈ గడిల ఉండి తూర్పు ఒత్తితే గీ గడికొస్తం పెద్దనాయనా. గిటు ఒత్తితే మాత్రం పోరాదు."

"ఎందుకు పోరాదు?"

"గీత అయిపోయింది."

"గీత అయిపోతె మనిషి ఆగుతడా? ముండ్లకంప ఉంటె ఆగుతడు. వాగొస్తె ఆగుతడు. కుక్క మీదికొస్తె ఆగుతడు. గీతకు ఎవడాగుతడ్రా?"

మా కాలేజీలో ఈ సబ్జెక్టు చెప్పేవాళ్లు లేరు. ఉన్నా ఇంత తొందరగా చెప్పరు.

మర్నాడు ఆదివారం. మా అమ్మ దాచుకున్న చింతపిక్కల డబ్బా అడిగి తీసుకుని, పెద్దనాయన వరండాలో బోర్లా పడుకున్నంత పని చేశాడు. ఒక్కో టెలిగ్రాఫ్ స్తంభానికి ఒక్కో పిక్క. తన ఆరు కిలోమీటర్లనూ గోడ దగ్గర్నుంచి తులసికోట దాకా పరిచాడు. కల్వర్టుకు అగ్గిపుల్ల, గుట్టకు బోర్లించిన గిన్నె, మిర్పచేనుకు నిజంగానే ఎండుమిరపకాయ. మేము వెనకాలే పాకుతూ రాసుకున్నాం. సాయంత్రం మా అమ్మ చీపురుతో ప్రళయం తెచ్చేలోపు మా ప్రపంచం గళ్లలోంచి బయటపడి ఒక లైను వెంట పారడం మొదలుపెట్టింది.

ఆ రోజు ఆయన చెప్పినవి నా నోట్సులో ఉన్నాయి. "కనవడ్డ జాగకు పోనియ్యాలె. పోనియ్యదల్చుకోకపోతె అసలు కనవడనియ్యకు." దూరంగా గుట్ట ఉందని రాశామంటే ఆ గుట్టకు తొవ్వ వేయాల్సిందే. "పోయిన తొవ్వ, వచ్చిన తొవ్వ ఒక్కటి గాదు. పొయ్యేటప్పుడు గుట్ట కుడికి ఉంటది, వచ్చేటప్పుడు ఎడమకు ఉంటది, ఎండ మొకం మీద కొడ్తది." దాంతో ప్రతి జాగకు రెండుసార్లు వర్ణన రాయాల్సి వచ్చింది. రవిగాడు వేళ్లు నొప్పులని రెండు రోజులు కాలేజీ ఎగ్గొట్టాడు.

ఇంకోటి. ఒకచోట వరుసగా పాతిక పిక్కలు ఏమీ లేకుండా పోతున్నాయి. అక్కడ ఏముందని అడిగాను.

"ఏం లేదు. చెలక. అయితె అట్ల పెట్టకు కొడుకా, నడుమ ఏదన్న పెట్టు. చెట్టో, చెప్పు తెగిపోయి పడున్నదో, ఏదో ఒకటి. శాన దూరం ఏం కనవడకపోతె మనిషి తన గురించి తను ఆలోచన జేసుడు మొదలువెడ్తడు. గది మంచిది గాదు."

నవ్వాము. ఆయన నవ్వలేదు.

సప్పుడు కూడా ఆయన సలహానే. షుగరు వల్ల ఆయనకు కళ్లు అప్పటికే సగం మసకబారాయి. తెర మీద అక్షరాలు తెల్లటి పురుగుల్లా కనబడేవట. "నాకు కనవడది. నడిస్తె ఒక సప్పుడు రానియ్యి, తొవ్వ లేకపోతె ఇంకో సప్పుడు రానియ్యి" అన్నాడు. మిషన్‌లో చిన్న బీపు ఉండేది. అడుగు పడితే 'టింగ్' అని సన్నగా, తొవ్వ లేకపోతే 'బుర్ర్' అని మొద్దుగా పెట్టాం. ఆయన కళ్లు మూసుకుని విని, "ఆఁ, గిప్పుడు లైనైంది" అన్నాడు. మాకు ఏ పరీక్షలోనూ అంత పెద్ద మార్కు రాలేదు.

పిక్కలు పరిచినప్పుడు ఆయన ఒక అగ్గిపుల్ల దగ్గర ఆగి దాటేశాడు. ఏడో కల్వర్టు. రాయించలేదు. నేను ఊరుకునే రకం కాదు గనుక వారం రోజులు సతాయించాను. ఆఖరికి చెప్పాడు.

డెబ్బైల్లో మాట. పెద్దనాయన, ఆయన భార్య పెద్దమ్మ రైల్వే గ్యాంగు క్వార్టర్లలో ఉండేవాళ్లు. పెద్దమ్మ రోజూ మధ్యాహ్నం రెండు చేన్లు అడ్డం పడి ఏడో కల్వర్టుకు సద్ది తెచ్చేది. ఈయన లైను దిగి పోతే, కల్వర్టు గోడ మీద కూర్చుని ఉండేది. ఒక రోజు పొద్దున కూరలో ఉప్పు దగ్గర మాటా మాటా పెరిగింది. "ఇయ్యాల సద్ది తేకు, నాకు అక్కెర లేదు" అని సుత్తి తీసుకుని వెళ్లిపోయాడు. మధ్యాహ్నం కల్వర్టు దగ్గర ఎవరూ లేరు. కాసేపు చూశాడు. వద్దంటే నిజంగానే మానేస్తుందా, అంత పంతమా అనుకున్నాడు. రెండో పట్టా పట్టుకుని కీలు తట్టుకుంటూ వెనక్కి నడిచాడు.

ఆమె వద్దన్నా తెచ్చింది. రెండో చేను గట్టు మీద పాము కుట్టింది. మిరపకాయలు ఏరేవాళ్లకు సాయంత్రం కనిపించింది.

"డబ్బ మూత గూడ ఊడలె" అన్నాడు పెద్దనాయన. "నేను లైను మీదికెల్లి రెండు చేన్లు నడిస్తె అయిపోతుండె. తొవ్వ ఉండె. నేను దిగలె."

నాకు ఎప్పుడూ ఏదో ఒక జోకు తోస్తుంది. అప్పుడు తోచలేదు.

ఆయనే మళ్లీ అన్నాడు. "మీ డబ్బల ఏడో కల్వర్టు పెట్టుండ్రి. ఆడికి దిగితె ఆమె కూసోని ఉండాలె. గంతే. ఇంకేం అడగ."

పెట్టాం. రవిగాడు ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసిన ముక్క ఏదైనా ఉంటే అదొక్కటే. ఆరో కల్వర్టు దాటి, కొంచెం నడిచి, కుడికి దిగితే 'టింగ్'. కల్వర్టు గోడ మీద ఒకామె కూర్చుని ఉంది. కొంగు తల మీద కప్పుకుంది. నిన్ను చూసి డబ్బా మూత తీసింది.

చదివి వినిపించాను. పెద్దనాయన తెర దగ్గరికి జరిగి, "కూరేంది?" అన్నాడు.

కూర రాయలేదని ఒప్పుకున్నాం.

"కూర లేకుంట మూతెందుకు తీసిందిరా?"

పప్పు అని చేర్చాం. మర్నాడు మళ్లీ పప్పే వచ్చింది. "దినాం ఒకటే కూర తెస్తదా? ఆమెను అంత తక్వ జేస్తానవా?" అని గదమాయించాడు. ఆయనే చెప్పాడు: గోంగూర, పచ్చిపులుసు, ఎండుచేపలు, బీరకాయ, చింతకాయ తొక్కు, కోడిగుడ్డు. పప్పుతో కలిపి మొత్తం ఏడు. ఏ రోజు ఏది వస్తుందో మాకూ తెలియకుండా మిషనే ఏరుకునేట్టు చేశాం. అప్పట్నుంచి సాయంత్రం ఐదింటికి చాయ్ గ్లాసుతో వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. "పోదామా ఇంజనీర్ సాబ్?" నేను బటన్లు ఒత్తేవాణ్ణి, చదివేవాణ్ణి. టింగ్, టింగ్, టింగ్. ఏడో కల్వర్టు దగ్గర దిగేవాళ్లం. కూరేదో విని, "ఆఁ" అని గ్లాసు ఖాళీ చేసి లేచేవాడు. పచ్చిపులుసు వచ్చిన రోజు కాస్త ఎక్కువసేపు కూర్చునేవాడు.

తర్వాత మా కాలేజీ ఉత్సవం వచ్చింది. మా ప్రపంచాన్ని అందరి ముందూ పెట్టాలి. ఊరికే నడిచే ఆటకు చప్పట్లు రావని నాకొక దివ్యమైన ఆలోచన వచ్చింది: మేక. నువ్వు ఎక్కడ తిరిగితే అక్కడికి వస్తుంది, నువ్వు ఏది కింద పెడితే అది తింటుంది. ఎర్రజెండా తింటుంది, పచ్చజెండా తింటుంది, టికెట్టు తింటుంది. అద్భుతం. కాకపోతే మేక తిరగాలంటే మిషన్ మెమరీలో జాగ కావాలి. జాగ నిండిపోయింది. మేకను పెట్టాలంటే ఏదో ఒకటి తీసేయాలి. తీసేశాను. హాలులో జనం పడీ పడీ నవ్వారు. ప్రిన్సిపాల్‌గారు స్వయంగా ఒక జెండా కింద పెట్టి మేక తినేదాకా వేచి చూశారు. ఆ ఏడాది నేను కాలేజీలో మేకగా ప్రసిద్ధి పొందాను.

ఉన్నది ఒకటే క్యాసెట్టు. పాతదాని మీదే కొత్తది ఎక్కించాం.

ఆ ఉత్సవం తర్వాత ఈ రెండేళ్లలో పెద్దనాయనకు చూపు పూర్తిగా పోయింది. గది నుంచి ముందుగదికి గోడ పట్టుకుని వచ్చేవాడు. సుత్తి మాత్రం మంచం పక్కనే ఉండేది. మా ఇంటి తలుపు గొళ్లాలు, కిటికీ ఊచలు, ఆఖరికి మా అమ్మ రోలు కూడా పోతూ పోతూ వేలితో తట్టేవాడు. "నల్లా పైపు వదులైంది చెల్లె" అంటే తెల్లారేసరికి నల్లా కారేది.

బుధవారం సమాధుల తోటలో పాస్టరుగారు ఆయన ప్రభువునందు నిద్రించాడన్నారు. తెల్లవారుజామున నాలుగు తర్వాత ఆయన నిద్రించగా నేనెప్పుడూ చూడలేదు, కానీ పాస్టరుగారితో వాదన పెట్టుకునే సమయం కాదు. కేసముద్రం నుంచి ఆయన కూతురు వచ్చింది. మార్కెట్ యార్డులో పత్తి ఏరే పని చేస్తుంది. తల్లి పోయేనాటికి ఆమెకు ఐదేళ్లట. మట్టి వేసి చేతులు కడుక్కున్నాక నా దగ్గరికి వచ్చింది.

"తమ్మీ, కంప్యూటర్ తమ్మివి నువ్వేనా?"

"అవునక్కా."

"నాయిన వచ్చినప్పుడల్ల చెప్తుండె. మా అవ్వ మీ డబ్బల కూసోని ఉన్నదట గద. దినాం కూర తెస్తదట." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మా ఇంట్ల అవ్వ ఫోటువ గూడ లేదు తమ్మీ. నాకు మొకం యాదికి లేదు. వచ్చే ఐతారం నాయిన కోసం పెట్టే ప్రార్థన కూడికకు వస్త. ఒక్కసారి సూపెడ్తవా? మొకం ఉండదని నాయిన చెప్పిండు. మాటలే ఉంటయట. మాటలైనా మంచిదే."

"సరే అక్కా" అన్నాను. నా నోరు అంతే, ముందు అనేస్తుంది.

వాపసు వచ్చేటప్పుడు రవిగాడు సైకిలు తోసుకుంటూ మెల్లగా అన్నాడు. "మేకను పీకేద్దాం రా. రెండు గంటల పని. కల్వర్టు మళ్ల కొడ్దాం. ఆమెకేం తెలుస్తది?"

నిజమే. ఆమెకేం తెలుస్తది. ఆయనకూ తెలియదనే అనుకున్నాను గదా.

ఆదివారానికి ఇంకా మూడు రోజులుంది. కల్వర్టును మళ్లీ కొడతాను, పెద్దమ్మను కూర్చోబెడతాను, ఏడు కూరలూ పెడతాను. కానీ అక్క వచ్చి స్టూలు మీద కూర్చున్నాక, మొదటి బటన్ ఒత్తేముందు ఆమెకు ఒకటి చెప్పాలి. చెప్పగలనో లేదో తెలియక ముందు మీకు చెప్తున్నాను. పైన అన్నింటికీ క్షమాపణలు చెప్పాను గానీ చేసిన తప్పు ఒకటే.

మేక కోసం నేను తీసేసింది ఏడో కల్వర్టు. ఏడు కూరలు చాలా జాగ తింటున్నాయి, నవ్వు మాత్రం ఎవరికీ రాదు, అందుకని. ఉత్సవం అయిపోగానే మళ్లీ పెడదామనుకున్నాను. మేకకు పేరొచ్చింది. రేపు పెడదామనుకున్నాను. రెండేళ్లు. ఈ రెండేళ్లూ ప్రతి సాయంత్రం ఐదింటికి ఆయన్ను ఆరో కల్వర్టు దాకా మిషన్‌లో తీసుకుపోయి, అక్కణ్ణుంచి నోటితో చెప్పాను. తెర మీద ఏమీ లేదు. కొంగు తల మీద కప్పుకుందని నేను అన్నాను, మూత తీసిందని నేను అన్నాను. ఒకసారి మరిచిపోయి వరుసగా రెండు రోజులు పప్పే చెప్పాను. "నిన్న గూడ పప్పే" అన్నాడు పెద్దనాయన. కొంచెం ఆగి, "మల్ల కోపమొచ్చినట్టుంది" అన్నాడు.

సప్పుడు గురించి నేను ఆలోచించలేదు. దిగే చోట నేను బటన్ ఒత్తేవాణ్ణి, అలవాటుగా. తొవ్వ లేదు గనుక మిషన్ తన పని తాను చేసేది. టింగ్, టింగ్, టింగ్, బుర్ర్. ప్రతిరోజూ. ఆ సప్పుడు పెట్టమన్నది ఆయన. ముప్పై ఏళ్లు వదులైన కీని వంగి చూడకుండా పట్టుకున్న చెవులవి.

మొదటి రోజు ఆ 'బుర్ర్' విని ఆయన గ్లాసు నోటి దాకా తీసుకుపోయి ఆపాడు. నేను గడగడా చదువుతున్నట్టు నటిస్తున్నాను. తల తెర వైపు కాదు, నా వైపు తిప్పాడు. కళ్లు మూసుకునే ఉన్నాడు. నేను మాటలు అయిపోయి ఆగాను. గదిలో టీవీ సన్నగా గీపెడుతోంది. చాయ్ మీద మీగడ కట్టింది.

"ఆఁ, చెప్పు కొడుకా" అన్నాడు. "కూరేంది?"